అందరికీ పంపండి

పెద్దసారుకు టీకాలంటే నమ్మకం లేదు. 2021 మార్చి మొదటి వారంలో ఊరు ఊరంతా పెద్దగట్టు జాతరకు దురాజ్‌పల్లి బాట పట్టి "ఓ లింగా" అంటుంటే, ఈయన మాత్రం ఆధార్ జిరాక్సు పట్టుకుని సర్కారు దవాఖాన బాట పట్టాడు. అరవై దాటినవాళ్ళకు కరోనా సూది మొదలైంది అప్పుడే. లైన్లో ముందున్న ఇద్దరిని "జెర్ర జరుగుర్రి, నాకు షుగరున్నది" అని పక్కకు తప్పించి మరీ వేయించుకున్నాడు. రెండో డోసు, బూస్టరు కూడా అంతే శ్రద్ధగా పూర్తిచేశాడు. సర్టిఫికెట్టుకు లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకున్నాడు. ఆ పర్సు మీద చెయ్యేసే ఇప్పటికీ చెప్తాడు: "సూది మంచిది కాదురా బాబూ. నా మాట ఇను."

మరి మీరెందుకు వేయించుకున్నారు సారూ అంటే, "ఏయించుకున్నోనికే గదా తెలిసేది" అంటాడు. దానికి జవాబు చెప్పగలిగినవాడు మా వీధిలో ఇంకా పుట్టలేదు.

ఇలాంటి మనిషి మా సూర్యాపేటకే సొంతమనుకోకండి. హైవే మీద కోదాడలో బస్సు దిగినా, అటు పక్కకు తిరిగి మిర్యాలగూడ పోయినా, కాలనీకొక పెద్దసారు తగులుతాడు. ఒకచోట రిటైర్డు మాస్టరు, ఒకచోట రైసుమిల్లు గుమస్తా, ఇంకోచోట ఎరువుల షాపు ఓనరు. కోదాడ పెద్దసారు ఆంధ్రా గాలి తగిలినవాడు కాబట్టి "విన్నారాండీ" అని మొదలుపెడతాడు. మా పెద్దసారు "ఏందే, ఇన్నవా" అంటాడు. అక్కడినుంచి కథ ఒకటే.

మా పెద్దసారు నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయింది కానీ పని పోలేదు. పైనుంచి వచ్చింది కిందికి వదలడం ఆయన డ్యూటీ, చివర ఎవరి పొలం మునిగిందో చూసుకోవడం ఆయన సెక్షన్ కాదు. పొద్దున ఐదింటికి ఫోనుకొచ్చిన సంగతి ఐదుంబావుకల్లా పెన్షనర్లకు, పదో తరగతి దోస్తులకు, కాలనీవాళ్ళకు, బంధువులకు చేరిపోతుంది. కింద ఒక్క మాట మాత్రం తన సొంతంగా చేరుస్తాడు: "అందరికీ పంపండి."

బంధువుల గ్రూపులోంచి దాన్ని కోదాడలో ఉన్న వియ్యంకుడు అందుకుంటాడు. పైన "హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు చెప్పిందండీ" అని ఒక వాక్యం తగిలించి తన దారిన వదులుతాడు. అది తిరిగి తిరిగి మిర్యాలగూడలో రైసుమిల్లు నడిపే బావమరిది దగ్గరికొస్తుంది. ఆయన "ఈ డాక్టరు మాకు తెలిసినాయనే" అని ఇంకొకటి తగిలిస్తాడు. రాత్రి అన్నాల వేళకు సరుకు సూర్యాపేటకే వాపసొస్తుంది. పెద్దసారు అద్దాలు తుడుచుకుని చదువుకుని భార్య పెద్దమ్మను పిలుస్తాడు. "సూసినవానే! నేను పొద్దుగాల్నే అనలే? మిర్యాలగూడ నుంచి గూడ వచ్చింది. అబద్ధమైతే రెండూళ్ళ నుంచి ఎందుకొస్తది?"

ఆయన పక్షాన ఒక మాట చెప్పాలి. కరోనా రోజుల్లో సూర్యాపేట మామూలు భయం భయపడలేదు. 2020 ఏప్రిల్‌లో కూరగాయల మార్కెట్ చుట్టూ కేసులు లేచాయి. అష్టాచమ్మా ఆటలో 31 మందికి అంటుకుందని పత్రికలు రాస్తే దేశమంతా మా ఊరి పేరు చదివింది. మరుసటి ఏడాది మేలో కోదాడ అవతల రామాపురం అడ్డరోడ్డు దగ్గర ఆంధ్రా నుంచి వచ్చే అంబులెన్సులను ఆపితే హైకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. ఇంట్లో కూర్చున్న మనిషికి అప్పట్లో చేతిలో మిగిలింది ఫోనొక్కటే. అంతకు ముందే, 2020 ఫిబ్రవరిలో, కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న పుకారు మీద పెద్దసారు చికెన్ మానేశాడు. ఆ నెలాఖరున హైదరాబాద్‌లో మంత్రులు వేదికెక్కి చికెన్ తిని చూపించారు. పెద్దసారు ఆ వీడియో రెండుసార్లు చూసి, "ఆళ్ళు తిన్నది నాటుకోడి" అని తేల్చేశాడు.

2021 జూన్‌లో నాసిక్ నుంచి వార్త వచ్చింది: టీకా వేసుకున్నాయన ఒంటికి చెంచాలు అతుక్కుంటున్నాయని. సూదిలో అయస్కాంతం ఉందని. పెద్దసారు బనీను విప్పి గోడకానుకుని నిలబడి జబ్బ మీద స్టీలు చెంచా పెట్టాడు. అతుక్కుంది. నాణెం పెట్టాడు. అతుక్కుంది. నాలుగిళ్ళవాళ్ళు వచ్చి చూశారు. పెద్దమ్మ చేపల పులుసు పొయ్యి మీద వదిలి వచ్చింది. మృగశిర వచ్చినా ఉక్కపోత తగ్గలేదు కదా, తువ్వాలతో ఆయన చెమట తుడిచి, మనుమరాలి పౌడరు కొంచెం రాసింది. చెంచా కింద పడింది. "ఇనుము పట్టే మనిషివైతే ఆ బీరువా తాళంచెవి ఏడ పోయిందో జెర్ర పట్టి సూపియ్యి" అని మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది. పౌడరు రాయక ముందు తీసిన ఫొటో అప్పటికే కోదాడ దాటింది.

టీకా వేసుకున్నవాళ్ళంతా రెండేళ్ళలో పోతారని ఫ్రాన్సు శాస్త్రవేత్త లూక్ మాంటనియే చెప్పాడన్నది ఆ ఏడాది మే నెల సరుకు. హెచ్ఐవీని కనిపెట్టినందుకు 2008లో నోబెల్ అందుకున్న మనిషి. ఆ ప్రచారం అబద్ధమని ప్రభుత్వ ఫ్యాక్ట్‌చెక్ విభాగం చెప్పింది. మాంటనియే 2022 ఫిబ్రవరిలో పోయాడు. పెద్దసారు 2023 మేలో, రెండేళ్ళ గడువు ముగిసిన నెలలో, కోదాడ నుంచి మామిడికాయలు తెప్పించి ఏడాదికి సరిపడా తొక్కు పెట్టించుకున్నాడు.

సూదిలో ఏం కలిపారో చెప్పాలని గట్టిగా అడిగే ఈ పెద్దసారే, నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు ఇస్తున్నారని తెలియగానే అందులో ఏం కలిపారో అడగలేదు. కంట్లో చుక్క వేస్తారన్నా జంకలేదు. లాక్‌డౌన్ లేకపోతే తానే పోయేవాడు. వియ్యంకుడికి ఫోన్ చేసి, "మీరు బార్డరు పక్కనే గదా బావా, ఒక పొట్లం తెప్పియ్యరాదూ" అని బతిమాలాడు. వియ్యంకుడు నిట్టూర్చాడు. "అంబులెన్సులే రానివ్వట్లేదండీ బావగారూ, పొట్లానికి పాసెవరిస్తారు?"

ఇవన్నీ పుకార్లు. పెద్దసారు జీవితంలో నిజం ఒక్కసారి వచ్చింది, 2024 ఏప్రిల్ ఆఖరున. ఆయన వేసుకున్న కొవిషీల్డు మన దగ్గర పుణెలో సీరం సంస్థ తయారుచేసింది కానీ మూలం ఆస్ట్రాజెనెకా. ఆ కంపెనీ, తన టీకా అత్యంత అరుదుగా రక్తం గడ్డకట్టి ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బుకు కారణం కావచ్చని లండన్ కోర్టు కాగితాల్లో ఒప్పుకుందని వార్తలొచ్చాయి. ఆ రోజు పెద్దసారు ఇస్త్రీ చొక్కా వేసుకుని టీకొట్టుకొచ్చాడు. "నేను సెప్పలే?" అన్నాడు అందరినీ కలియజూస్తూ. ఆయన చెప్పింది అయస్కాంతం. కంపెనీ ఒప్పుకుంది ఇంకోటి. కానీ ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషితో ఎవరు వాదిస్తారు? ఎన్నికల కోడ్ వల్ల అదే రోజుల్లో సర్టిఫికెట్టు మీద ప్రధాని ఫొటో మాయమైంది. కారణం చెప్తే వినలేదు. లామినేషన్ చేసిన కార్డు తీసి "దీంట్ల ఉన్నది, ఫోన్ల లేదు. ఎందుకు తీసిండ్రు? సెప్పు" అని టీకొట్టు పిల్లాణ్ణి నిలదీశాడు.

నన్నడిగితే ఆ రోజు చెప్పుకోవాల్సింది వేరే ఉంది. లండన్ దాకా పోనక్కర్లేదు. 2021 మే 17నే మన దేశపు నిపుణుల కమిటీ లెక్క చెప్పింది: రక్తం గడ్డకట్టిన కేసులు 26 ఉండొచ్చని, కొవిషీల్డు పది లక్షల డోసులకు 0.61 అని. సూది వేసిన ఇరవై రోజుల్లోపు ఊపిరాడకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, కాలు వాచినా, తలనొప్పి తగ్గకపోయినా వెంటనే దవాఖానకు రమ్మని ఆరోగ్యశాఖ చెప్పింది. ఎంత పనికొచ్చే మాట! దాన్ని పెద్దసారు ఎవరికీ పంపలేదు. దశాంశ బిందువున్న వార్త గ్రూపుల్లో నడవదు మరి. ఆయన్ని మాత్రమే అనడం కూడా న్యాయం కాదు. మా వీధిలో మైకు పెట్టుకుని తిరిగిన ఆటో "ఏమీ కాదు, ఏమీ కాదు" అనే అరిచింది. పది లక్షల్లో ఒకరికి కావచ్చు, అయితే ఇలా చెయ్యండి అని ఆ మైకులో ఒక్కసారి చెప్పి ఉంటే, మూడేళ్ళ తర్వాత ఇస్త్రీ చొక్కాకు పని ఉండేది కాదు.

కొవిషీల్డు వార్త వచ్చినప్పుడు మిర్యాలగూడ బావమరిది పొగరు చూడాలి. ఆయన వేసుకున్నది కొవాగ్జిన్, హైదరాబాద్ భారత్ బయోటెక్‌ది. "మనది లోకల్ సరుకు బావా, గ్యారంటీ" అని రోజుకోసారి ఫోన్ చేసి పరామర్శించేవాడు. ఆ పొగరు సరిగ్గా రెండు వారాలు నిలిచింది. మే నడుమ బెనారస్ విశ్వవిద్యాలయంవాళ్ళు కొవాగ్జిన్ వేసుకున్నవారిలో దాదాపు మూడోవంతు మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చిందని ఒక అధ్యయనం అచ్చేశారు. పోల్చడానికి టీకా వేసుకోనివాళ్ళే లేరు, ఏడాది తర్వాత ఫోన్లో అడిగి రాసుకున్నారు, ఇదేం పద్ధతని దేశపు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ మండిపడింది. సెప్టెంబరులో అచ్చేసిన పత్రికే ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. వ్యాసం వచ్చిన సంగతి పెద్దసారు బావమరిదికి ఆరుసార్లు పంపాడు. వెనక్కి పోయిన సంగతి ఆయనకింకా చేరలేదు.

ఇప్పుడు ఎక్కడ పడుచువాడు గుండె ఆగి పోయినా పెద్దసారు తల పంకిస్తాడు. జిమ్ములోనైనా, పెళ్ళి బారాత్‌లోనైనా, "సూదే" అంటాడు. ఐసీఎంఆర్ 47 ఆసుపత్రుల్లో 18 నుంచి 45 ఏళ్ళవాళ్ళ ఆకస్మిక మరణాలు 729 పరిశీలించి, టీకా వల్ల ముప్పు పెరగలేదని, రెండు డోసులు వేసుకున్నవాళ్ళకు తగ్గిందని 2023లో చెప్పింది. ముప్పు పెంచినవాటిలో ఇంటి చరిత్ర ఉంది, కరోనాతో ఆసుపత్రి పాలవడం ఉంది, చావుకు ముందు 48 గంటల్లో మితిమీరి తాగడం ఉంది. ఈ అధ్యయనం చదివి వినిపిస్తే పెద్దసారు శ్రద్ధగా విన్నాడు. తాగుడు దగ్గరికొచ్చేసరికి లేచి, "ఇది బావమరిదికి పంపకు, ఫీలైతడు" అన్నాడు.

ఈయన అనుమానానికి బలమైన సాక్ష్యం పక్క జిల్లాలోనే పడి ఉంది. ఆయన దాన్నెప్పుడూ ముట్టుకోలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు, దాదాపు 14 వేల మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన పని. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకాతో సంబంధం లేదని విచారణలో తేలింది. కానీ సమ్మతి పత్రాలు చూస్తే చాలాచోట్ల సంతకాలు తల్లిదండ్రులవి కావు, హాస్టల్ వార్డెన్లవి. 2010 ఏప్రిల్‌లో పని ఆపేశారు, 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుపట్టింది. మా బిడ్డకు ఏం వేస్తున్నారో మాకు చెప్పారా అని గిరిజన తల్లులు అడగాల్సిన ప్రశ్న అది. పెద్దసారుకు ఒకసారి చెప్పాను. "గదంత పాత ముచ్చట" అని, చైనా ప్రయోగశాల వీడియో పెట్టాడు.

పోయిన చలికాలం కూరగాయల మార్కెట్ సందులో పెద్దసారు పిక్కను కుక్క పట్టుకుంది. ఇల్లు చేరేలోపు సలహాలు మొదలయ్యాయి. ఒకరు కారం అద్దమన్నారు, ఒకరు పసరు కట్టే ఊరు చెప్పారు. కోదాడ వియ్యంకుడు వీడియో కాల్లో "పది రోజులు కుక్కని చూడండి బావగారూ" అన్నాడు. జీవితంలో తొలిసారి పెద్దసారు ఫోన్ కట్ చేశాడు. పెద్దమ్మ పావుగంట సేపు సబ్బుతో కడిగి ఆటో ఎక్కించింది. దవాఖానలో ఆయన మొహం పాలిపోయి ఉంది.

"బొడ్డు సుట్టు పద్నాలుగా సిస్టరమ్మా?"

"అవి ఎనకటివి సారూ. ఇయ్యాల, మూడో నాడు, ఏడో నాడు, ఇరవయ్యెనిమిదో నాడు. జబ్బలకే."

ఆ వెనకటి మందు గొర్రె మెదడుతో చేసేవారు. కొందరికి నరాలు చచ్చుబడేవి. 2004 దాకా దేశంలో నడిచిన ఆ సూదికి ఎవరూ ఎదురు చెప్పినట్టు నేను వినలేదు. కరిచిన కుక్క కళ్ళముందే ఉండేది కదా.

"సైడెఫెక్టులు సెప్పాల్నా సారూ? జ్వరం రావొచ్చు, సూదేసిన కాడ..."

"గవన్ని ఎందుకమ్మా, ముందు ఎయ్యి," అన్నాడు పెద్దసారు, చొక్కా చేతులు రెండూ మడిచి.

అరగంట బెంచీ మీద కూర్చున్నాడు. ఊరుకోలేక ఫోన్ తీసి, ఎక్కడినుంచీ ఎత్తుకు రాకుండా, సొంతంగా ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు: కుక్క కరిస్తే కారం పెట్టకండి, పావుగంట సబ్బుతో కడగండి, అదే రోజు సర్కారు దవాఖానకు పోండి, సూది ఉచితం. కింద అలవాటుగా "అందరికీ పంపండి" అని పెట్టి అన్ని గ్రూపుల్లోకీ వదిలాడు.

రాత్రి అన్నం తిని పది దాకా ఫోన్ పట్టుకునే కూర్చున్నాడు. కోదాడ నుంచీ రాలేదు, మిర్యాలగూడ నుంచీ రాలేదు.