క్లస్టర్‌తో కాపురం: కొత్త స్కాలర్లకు కొన్ని చిట్కాలు

తార్నాక నుంచి ఉప్పల్ దాకా రోడ్డు పొడవునా ల్యాబులే. ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ, సీడీఎఫ్‌డీ. ఒకదాని పేరైతే ఏకంగా మెట్రో స్టేషన్‌కే ఉంది. నేను కొలువు చేసింది వీటిలో ఏదీ కాదు, ఎక్కడో అడక్కండి. నాచారంలో ఇల్లు, పగలంతా ఏసీ హోరులో కంప్యూటర్ క్లస్టర్ కాపలా. పీహెచ్‌డీలో చేరిన పిల్లలకు ఇన్నేళ్లుగా చూసిన విద్యలు నాలుగు చెప్పిపోదామని.

క్లస్టర్‌లోకి దిగగానే తగిలేది లాగిన్ నోడ్. అది ఇంటి వాకిలి. ఫైళ్లు సర్దుకుని, జాబ్‌ను క్యూలో వేసి వెళ్లిపోవాల్సిన చోటు. మీరు అక్కడే పొయ్యి పెట్టండి. జాబ్‌లను వరసలో పెట్టే స్లర్మ్, క్యూ, వంతు అంటూ రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు నిలబడే ఖర్మ మీకెందుకు? మిగతా అరవై మందికి వాకిట్లో కాలు పెట్టే చోటుండదు, నిజమే. వాళ్లు టీకి వెళ్తారు.

కోర్లు అడిగేటప్పుడు మొహమాటం వద్దు. అత్తసొమ్ము అల్లుడు దానం. నాచారం దాటి వెళ్తే వచ్చే ఈసీఐఎల్ వాళ్ల టీడీసీ-12, 1969 నాటిది, 12 బిట్ల యంత్రం. దాంతో పనిచేసినవాళ్లు మెమరీ పొదుపుగా వాడారంటే గతిలేక వాడారు. మీకేం, ఐదొందల కోర్లు అడగండి. ప్రోగ్రాంలో పదో వంతు పని ఒకదాని తర్వాత ఒకటిగా నడవాల్సిందే అయితే, ఎన్ని కోర్లిచ్చినా వేగం పది రెట్లు దాటదని కంప్యూటర్ ఇంజినీర్ ఆమ్డాల్ 1967లోనే తేల్చాడు. ఆయన మీ గైడ్ కాదు కదా. రెండు గంటల పనికి ఏడు రోజుల గడువు రాయడం కూడా మరవకండి. చిన్న జాబ్‌లైతే ఖాళీ దొరికిన సందులో స్లర్మ్ ముందే దూర్చేస్తుంది. ఏడు రోజులు రాశారా, హాయిగా వారం నిద్రపోవచ్చు.

ఇంకా పెద్ద మెషిన్ కావాలా? కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ ఉంది, 838 టెరాఫ్లాప్స్. 2015లో మొదలైన నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ పుణ్యం. దరఖాస్తు పెట్టకండి. కంది ఎక్కడ, ఉప్పల్ ఎక్కడ! ఊరికి ఆ చివర. ఇంట్లో కూర్చునే లాగిన్ కావచ్చని ఎవరైనా అంటే నమ్మకండి.

డేటా అంతా తాత్కాలిక ఫైళ్ల చోటైన స్క్రాచ్‌లో పెట్టండి. పేరులోనే చిత్తుకాగితమని ఉంది గనక బ్యాంకు లాకరంత భద్రం. క్యోటో యూనివర్సిటీలో 2021 డిసెంబర్‌లో బ్యాకప్ స్క్రిప్ట్‌లో చిన్న పొరపాటు జరిగి 77 టెరాబైట్లు తుడిచిపెట్టుకుపోయాయి. బ్యాకప్ వల్లే పోయాయి గనక బ్యాకప్ అసలు వద్దని నేర్చుకోవాలి. జన్యువుల పట్టిక మాత్రం ఎక్సెల్‌లో తెరవండి. సెప్ట్2 అనే జన్యువు ముచ్చటగా సెప్టెంబర్ 2 అయిపోతుంది. ఈ గొడవ పడలేక 2020లో శాస్త్రవేత్తలే తగ్గి, ఆ జన్యువు పేరును సెప్టిన్2 అని మార్చుకున్నారు. ఎక్సెల్ గెలిచింది.

ఇక బొమ్మలు. నాకు ఇష్టమైన చోటు ఇదే, కాస్త ఆగుతాను. భూమి లోపల తరంగాల వేగం చూపించే మ్యాప్ గీస్తున్నారనుకోండి. ఇంద్రధనుస్సు రంగులు వేయండి, బతుకమ్మలా ఉండాలి. నీలం, పచ్చ, పసుపు, ఎరుపు. మధ్యలో పసుపు ఒక్కటే ధగధగా వెలుగుతుంది కాబట్టి అంకెల్లో మెల్లగా సాగే మార్పు కాస్తా బొమ్మలో గోడలా నిలబడుతుంది. లేని గోడ కనిపెట్టిన ఘనత మీది, దానికో పేపరు. మ్యాట్‌ల్యాబ్ వాళ్లు ఈ రంగుల్ని 2014లో పక్కనపెట్టారు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో విరిడిస్ అనే రంగుల వరసకు మారింది. అందులో వెలుగు ఒకే తీరున పెరుగుతుంది, నలుపు తెలుపులో ప్రింటు తీసినా చదవొచ్చు. చూడ్డానికి మాత్రం పాలకూర పప్పు. ఎరుపూ పచ్చా తేడా తెలియని ప్రొఫెసర్ హాలులో ఉంటే ఉండనీండి, ఆయన ప్రశ్న అడగడు. రంగుల పక్కన స్కేలు పెట్టొద్దు. పెడితే అంకెలు చదువుతారు.

క్లస్టర్ చూసుకునే మనిషి దగ్గరికి పని మొదలుపెట్టే ముందు పొరపాటున కూడా వెళ్లకండి. పావుగంట కూర్చుంటే ఎన్ని కోర్లు చాలు, ఏ ఫైలు ఎక్కడుండాలి అని చెప్పేస్తాడు, థ్రిల్ పోతుంది. పేపరు గడువు రేపనగా వెళ్లండి. ఎర్రర్ మెసేజ్ చెప్పొద్దు. 'సార్, కోడ్ ఆగిపోయింది' చాలు. మరీ గుచ్చి అడిగితే స్క్రీన్‌ను సెల్‌ఫోన్‌తో వంకరగా ఫొటో తీసి వాట్సాప్ చేయండి, ట్యూబ్‌లైట్ వెలుగు సరిగ్గా ఎర్రర్ మీద పడేట్టు.

కృతజ్ఞతల పేరాలో గైడుకూ, ఫెలోషిప్‌కూ, అమ్మానాన్నలకూ, హాస్టల్ మెట్ల మీద పడుకునే కుక్కకూ చోటివ్వండి. క్లస్టర్ ఊసెత్తొద్దు. ఒకబ్బాయి థీసిస్ కాపీ తెచ్చిచ్చినప్పుడు నేనే సిగ్గు విడిచి అడిగాను. 'మీ పూర్తి పేరు తెలీదు సార్' అన్నాడు. నంబర్ మాత్రం వాడికి నోటికొచ్చు. రాత్రి పదకొండున్నరకు చేసేవాడు.