అన్నం చల్లారినా సరే, లొకేషన్ పడాలి

దిక్కులేని ముసలివాళ్లను చేరదీసి రెండు పూటలా అన్నం పెడదామనుకునే పుణ్యాత్ములకు ఒక ఉచిత సలహా. వంటమనిషి సంగతి తర్వాత చూడొచ్చు, ముందు అకౌంటెంటును కుదుర్చుకోండి. బియ్యం నిండుకుంటే ఊళ్లో ఎవరో ఒక మహాతల్లి బస్తా పంపిస్తుంది. యూసీ లేకపోతే మాత్రం ఢిల్లీ నుంచి ఎర్ర ఏగాణీ రాలదు.

యూసీ అంటే యుటిలైజేషన్ సర్టిఫికెట్. ఇచ్చిన గ్రాంటును ఇచ్చిన పనికే ఖర్చు పెట్టామని సంస్థ పెద్దలు సంతకాలు చేసి పంపే కాగితం. 2017 నాటి కేంద్ర సాధారణ ఆర్థిక నిబంధనల్లో 238వది దీన్ని అడుగుతుంది, 12-ఎ అని ఫారం కూడా తయారుగా పెట్టింది. అడగడంలో తప్పు లేదు. జనం సొమ్ముకు పైసాతో సహా లెక్క చెప్పాల్సిందే, చెప్పననేవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకూడదు. మన పేచీ అల్లా, తీసుకున్నవాడే అన్నిటికీ జవాబు చెప్పాలి గానీ ఇచ్చేవాడు దేనికీ చెప్పనక్కర్లేదన్న సంప్రదాయంతోనే.

ఒక చిన్న పట్నంలో, అటల్ వయో అభ్యుదయ యోజన కింద పాతిక మంది వృద్ధులకు ఆశ్రమం నడిపే సంస్థ ఒకటి ఉందనుకుందాం. ముందు దర్పణ్ పోర్టల్లో నమోదై ఐడీ తెచ్చుకోవాలి. దరఖాస్తుకు ఈ-అనుదాన్. డబ్బు రాకపోకలకు పీఎఫ్ఎంఎస్. ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డు. ఒక పోర్టల్లో పెట్టిన కాగితాన్నే ఇంకో పోర్టల్ మళ్లీ అడుగుతుంది. రెండూ సర్కారువే కదా, ఒకదాన్నొకటి అడిగి తెలుసుకోవచ్చు కదా అనకండి, వాటికి మాటల్లేవు. ఓటీపీ వచ్చేది సెక్రటరీ గారి ఫోనుకి. సెక్రటరీ గారు కూతురి పురుటికి వెళ్లారు. ఆ ఊళ్లో సిగ్నల్ లేదు. ఇక్కడ పాతిక కంచాల భవిష్యత్తు ఆరంకెల కోసం కాచుకుని కూర్చుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఒకసారి వెళ్లి చూడండి. పప్పు వడ్డించారు, తోటకూర వేపుడు పడింది, తాతగారు ముద్ద కలిపి నోటిదాకా తెచ్చుకున్నారు. "తాతా, అలాగే ఉండు, లొకేషన్ ఇంకా పడలేదు!" అని వార్డెన్ కుర్రాడి కేక. ఫొటో మీద తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలు పడితేనే అది అన్నం. పడకపోతే తిన్నా తిననట్టే లెక్క. తాతగారి చెయ్యి వణుకుతోంది. ఫోను తిరుగుతూనే ఉంది. పక్కనున్న మామ్మ నవ్వి, "కానియ్యి నాయనా, మా పెళ్లికి కూడా ఇన్ని ఫొటోలు తియ్యలేదు" అంటుంది.

ఇక ఆ తోటకూరకు బిల్లేది? బండి మీద అమ్మే లక్ష్మమ్మ బిల్లివ్వదు. ఆమెకు జీఎస్టీ నంబరు లేదు, కట్టకి పది రూపాయలు మాత్రమే తెలుసు. కాబట్టి ఆడిటు కోసం పెద్ద కొట్లో, పెద్ద ధరకు, కంప్యూటర్ బిల్లుతో వాడిపోయిన కూర కొనాలి. ఆకు తాజాగా ఉందా అని అడిగే గడి ఫారంలో లేదు. వోచరు ఉందా అనే గడి మాత్రం ఉంది.

ఆశ్రమంలో ఒక పెద్దాయన పోయారు. పాతిక మంది కాస్తా ఇరవై నలుగురయ్యారు. 'లబ్ధిదారుల సంఖ్య తగ్గుటకు కారణములు తెలుపగలరు' అని రిమార్కు. 'మరణించినందున' అని రాశారు. 'తగు ఆధారములు జతపరచగలరు' అని మరో రిమార్కు. పోయినాయన రిజిస్టర్లో చేరడానికి ఎన్ని కాగితాలు తెచ్చాడో, రిజిస్టర్లోంచి వెళ్లిపోవడానికి అన్నీ తేవాలి. తేడా అల్లా, ఈసారి ఆయన సంతకం చెయ్యలేడు.

అసలు రసవత్తర ఘట్టం మార్చి నెల. ఏప్రిల్లో రావాల్సిన డబ్బు అధిక మాసాలన్నీ గడిపి మార్చి 30 సాయంత్రం ఖాతాలో పడుతుంది. ఆ ఏడాదంతా కిరాణా కొట్టు శెట్టిగారు అరువిచ్చి ఆదుకున్నారు. వంటమ్మకు నాలుగు నెలల జీతం బాకీ. సర్కారు వారి ఆర్థిక సంవత్సరం మర్నాడు అర్ధరాత్రి ముగుస్తుంది. తెల్లారాక ప్రశ్న వస్తుంది: 'ఖర్చు కాని నిల్వ ఎందుకు మిగిలినది?' ఒక రాత్రిలో పాతిక మంది ఏడాది తిండి తినలేకపోయారండీ, క్షమించాలి.

పైగా ఇదే నిబంధనల పుస్తకంలో 62వ నిబంధన ఏం చెబుతుందో తెలుసా? ఏడాది చివరి నెలల్లో ఎగబడి ఖర్చు చెయ్యడం ఆర్థిక ఔచిత్యాన్ని ఉల్లంఘించడమేనని. మార్చిలో పదిహేను శాతం మించకూడదని ఆర్థిక శాఖ విడిగా ఆంక్ష కూడా పెట్టుకుంది. బంగారం లాంటి నియమాలు. వాటిని చదవాల్సినవాళ్లు కూడా మార్చిలో తీరిక లేకుండా ఉంటారు మరి.

వడ్డీ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. గ్రాంటు డబ్బు పొదుపు ఖాతాలో నాలుగు రోజులు నిద్ర చేస్తే వచ్చిన వడ్డీని సంస్థ భారత సంచిత నిధికి తిరిగి జమ చెయ్యాలి. నాలుగొందల చిల్లరైనా సరే, భారత్‌కోశ్ పోర్టల్లో కట్టి, రసీదు తీసి, ఫైలుకి జతచెయ్యాలి. మంచిదే, జనం సొమ్ము మీద వడ్డీ జనానిదే. మరి పదకొండు నెలలు ఆలస్యం చేసిన సర్కారు వడ్డీ ఎవరికి కడుతుంది? శెట్టిగారికా, వంటమ్మకా? ఆ గడి ఏ ఫారంలోనూ లేదు.

ఇంత నిష్ఠ అందరికీ ఉందా అంటే, బీహార్ ఖాతాల మీద కాగ్ నివేదిక తిరగెయ్యండి. 2024 మార్చి 31 నాటికి ఆ రాష్ట్రంలో రావాల్సిన యూసీలు 49,649. వాటి విలువ 70,877 కోట్ల రూపాయలు. ఆ కాగితాలు రాలేదని ఏ శాఖైనా తలుపులకు తాళం వేసుకుందా? ఏ కార్యదర్శిగారైనా అరువు కోసం కిరాణా కొట్టుకి వెళ్లారా? కోట్లలో పోతే 'పెండింగ్', లక్షల్లో ఆలస్యమైతే 'అనర్హత'. చీమ తప్పుకి చీటీ, ఏనుగు తప్పుకి ఎక్స్‌టెన్షన్.

దొంగ సంస్థలను పట్టుకోవడానికే ఇదంతా అంటారు పెద్దలు. ఉన్నాయి, నిజమే. కానీ బోగస్ సంస్థ ఏనాడూ పత్రం ఆలస్యం చెయ్యదు. దానికి వృద్ధులు లేరు కదా, బోలెడంత తీరిక. అక్కడ ఎవరికీ జ్వరం రాదు, అర్ధరాత్రి ఎవరూ మంచం మీంచి పడరు, ఎవరూ లెక్క చెడిపోయేలా చచ్చిపోరు. హాజరు పట్టీలో పాతిక మందికి పాతిక సంతకాలు, ముచ్చటగా ఒకే చేతి రాతతో. మనం పెట్టిన పరీక్ష కాగితం రాసే నేర్పుకే గనుక అందులో ఫస్టు క్లాసు వాళ్లకే వస్తుంది. నిజంగా అన్నం పెట్టేవాడు మాత్రం పప్పు గిన్నె ఒక చేత, మౌస్ ఒక చేత పట్టుకుని రెండూ ఒలకబోసుకుంటాడు.

పోనీ లెక్కలు రాసేవాణ్ణి పెట్టుకుందామా? విదేశీ విరాళాల మీద బతికే సంస్థలకైతే ఆ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పరిపాలనా ఖర్చును యాభై శాతం నుంచి ఇరవైకి కోసింది. నివేదికలు తయారుచేసి పంపే ఖర్చును కూడా నిబంధనలు ఆ పద్దులోనే వేస్తాయి. నివేదికలు పెంచుతారు, రాసే చేతికి కూలి తగ్గిస్తారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

సర్కారు సొంత బిడ్డలకూ ఈ తిప్పలు తప్పలేదు. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ అంగన్‌వాడీలో టీచరమ్మకు ఇప్పుడు పోషణ్ ట్రాకర్ అనే యాప్ ఉంది. 2025 జులై 1 నుంచి ఇంటికిచ్చే పోషకాహారానికి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. బాలింత ఎదురుగా నిలబడుంది. టీచరమ్మకు ఆమె చిన్నప్పట్నుంచీ తెలుసు, వాళ్లమ్మ కూడా తెలుసు. కానీ ఫోను 'ముఖం సరిపోలలేదు' అంటే ఆమె ఆమె కాదు. ఆధార్ ఫొటో నాటికి ఆవిడకు బుగ్గలుండేవి. రక్తం తగ్గి బుగ్గలు పోయాయనే కదా ఈ పోషకాహారం! బుగ్గలు తెచ్చుకుంటే పొట్లం ఇస్తామంటుంది యాప్.

లెక్కలు మానేద్దామని ఎవరూ అనడం లేదు. ఒకే చోట ఒకే నివేదిక అడగండి. రిజిస్టరు పక్కన పెట్టి చెప్పకుండా వచ్చి వృద్ధుల పంక్తిలో కూర్చుని ఒక పూట భోంచెయ్యండి. పప్పులో నీళ్లెన్నో నాలుకే ఆడిట్ చేస్తుంది. వీటన్నిటికన్నా ముందు ఒక్క నిబంధన చేర్చండి: గ్రాంటు ఎన్ని రోజులు ఆలస్యమైతే యూసీ గడువు అన్ని రోజులు పెరగాలి, ఆ రోజులకు వడ్డీ సర్కారే సంస్థకు కట్టాలి, ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు పడుకుందో ఆ వివరం సంతకంతో సహా 12-ఎ ఫారం వెనకే ముద్రించాలి. ఆ ఏడాదే ఫైళ్లకు కాళ్లు రాకపోతే అడగండి. సర్కారుకి తాతగారి ఆకలి కనపడకపోవచ్చు గానీ, తాను కట్టాల్సిన వడ్డీ మాత్రం ఎంత చీకట్లోనైనా కనపడుతుంది.