నవ్వు వెడల్పును బట్టి

పంటి ముందువైపు అతికించే పలుచని పింగాణీ పొరను వెనీర్ అంటారు; 1930ల నాటి హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు నటులకు అమర్చిన తొలి పొరలు చిత్రీకరణ ముగియగానే ఊడివచ్చేవి. నేడు అవి గట్టిగా అతుక్కుంటున్నాయి గనుక, నవ్వినప్పుడు కనిపించే పళ్లను బట్టి వాటి సంఖ్యను నిర్ణయించాలని వైద్యశాస్త్రం చెబుతుండగా, 4 చాలనుకున్న వ్యక్తి, పక్కవి పచ్చగా కనిపిస్తాయన్న హెచ్చరికతో 6కు, అక్కడి నుంచి 8కి, 10కి చేరుకోవడం కద్దు (బేరమాడేకొద్దీ పెరిగే లెక్క ఇదొక్కటే కాబోలు). వెనీర్ కోసం అరగదీసిన ఎనామిల్, అనగా పంటిని కాపాడే గట్టి పైపొర, తిరిగి పెరగదు. పింగాణీని మాత్రం సాధారణంగా 10, 15 ఏళ్లకు మార్చవలసి వస్తుంది కాబట్టి, పెళ్లి ఫొటోల కోసం పదింటిని వేయించుకున్న వరుడు పిల్లల స్కూలు ఫీజులతో పాటు రెండో విడత పళ్ల ఖర్చునూ నవ్వుతూనే భరించవలసి ఉంటుంది.