ఒంటికాలి న్యాయం

పురాణాల్లో ఒంటికాలి మీద నిలబడి తపస్సు చేసినవాడికి దేవుడు ప్రత్యక్షమై వరం కోరుకోమనేవాడు. అమెరికాలో అర్ధరాత్రి హైవే పక్కన ఒంటికాలి మీద నిలబడినవాడికి బేడీలు ప్రత్యక్షమవుతాయి. అదీ కాలు ఆరంగుళాలు పైకెత్తి, ‘వన్ థౌజండ్ వన్, వన్ థౌజండ్ టూ’ అని ముప్పై సెకన్లు జపం చేశాక. తపస్సులో లోపం ఎక్కడ జరిగిందో స్వామివారు అక్కడ చెప్పరు. రాసుకుంటారంతే.

దీని శాస్త్రీయ నామం స్టాండర్డైజ్డ్ ఫీల్డ్ సోబ్రయిటీ టెస్ట్. తాగి నడుపుతున్నాడని అనుమానం వచ్చినవాణ్ని రోడ్డు మీదే తేల్చడానికి అక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థ ఖాయం చేసిన మూడు పేపర్ల పరీక్ష: కళ్లు, నడక, ఒంటికాలు. ఏం చేయాలో చెబుతారు, మార్కులు ఎక్కడ కోస్తారో మాత్రం చెప్పరు. ప్రశ్నపత్రం ఇచ్చేవాడు, దిద్దేవాడు, ఫెయిల్ చేసి పట్టుకుపోయేవాడు, రేపు కోర్టులో సాక్ష్యం చెప్పేవాడు అందరూ ఒక్కరే. నలుగురి ఏకాభిప్రాయం కాబట్టి తీర్పులో తేడా ఉండదు.

నడక పేపరు చూడండి. మడమకు కాలివేళ్లు ఆనిస్తూ గీత మీద తొమ్మిదడుగులు వెళ్లాలి, చెప్పిన పద్ధతిలో తిరగాలి, తొమ్మిదడుగులు వెనక్కి రావాలి. ఇందులో వెతకాల్సిన తప్పులు ఎనిమిది రకాలు. మడమకూ వేళ్లకూ మధ్య అరంగుళం సందు వస్తే ఒకటి. చేతులు ఒంటి నుంచి ఆరంగుళాలు లేస్తే ఇంకొకటి. మొదలుపెట్టమనకుండా మొదలుపెట్టినా, మధ్యలో ఆగినా, పదో అడుగు వేసినా తప్పే. ఎనిమిదింట్లో రెండు దొరికితే ఫెయిల్. అంటే ఎనిమిదికి ఆరు, 75 శాతం తెచ్చుకున్నవాడు తాగుబోతు. మన యూనివర్సిటీలైతే డిస్టింక్షన్ ఇచ్చి ఫొటో వేయించేవి.

ఇక ఆ గీత మహిమ వేరు. పోలీసు శిక్షణ పుస్తకం ప్రకారం గీత నిజమైనదైనా పర్వాలేదు, ఊహించుకున్నదైనా పర్వాలేదు. గీత దాటితే మాత్రం తప్పు. తాగినవాడికి లేనివి కనిపిస్తాయని లోకంలో వాడుక. ఇక్కడ తాగనివాడికీ, డ్యూటీలో ఉన్నవాడికీ కూడా లేనిది కనిపించాలి, అదీ ఇద్దరికీ ఒకేచోట కనిపించాలి.

కళ్ల పేపరుకు కొంత సైన్సు ఉంది, కాదనలేం. మద్యం ఎక్కితే చూపు పక్కకు తిప్పినప్పుడు కనుగుడ్డు అదురుతుంది. కానీ ఆ అదురు 45 డిగ్రీల కంటే ముందే మొదలైందో లేదో ఆఫీసరు కోణమానిని లేకుండా చీకట్లో కంటితో కొలుస్తాడు. లోపలి చెవి జబ్బున్నవాళ్లకూ, కొన్ని మందులు వాడేవాళ్లకూ, కొందరికి పుట్టుకతోనూ కళ్లు అదురుతాయి. కెమెరాలో ఆ అదురు తేలిగ్గా దొరకదు. కనక సాక్ష్యం ఏమిటంటే, ఆయన చూశాడు, మనం నమ్మాలి.

అసలు వేడుక అంకెల్లో ఉంది. ఈ పరీక్షల కోసం 1977లో చేసిన తొలి అధ్యయనంలో, వీణ్ని అరెస్టు చేయొచ్చని పోలీసులు తేల్చినవాళ్లలో 47 శాతం మంది రక్తంలో మద్యానికి అప్పటి పరిమితి అయిన 0.10 శాతానికి లోపే ఉన్నారు. 1981లో మెరుగుపరిచి చూస్తే ఆ తప్పు 32 శాతానికి దిగింది. 1994లో అచ్చయిన ఇంకో పరిశోధనలో చుక్క కూడా ముట్టని 21 మంది చేత ఈ విన్యాసాలు చేయించి, వీడియోలు పోలీసులకు చూపించారు. ఆ పోలీసుల తీర్పుల్లో 46 శాతం, వీళ్లు బండి నడపలేనంత తాగారనే! నీళ్లు తాగినవాళ్లకు ఇంత కిక్కు ఎక్కించగల పరీక్ష మరొకటి లేదు.

ప్రభుత్వ పక్షం 1998 శాన్‌డియాగో అధ్యయనాన్ని తెచ్చి చూపిస్తుంది: 91 శాతం కచ్చితం! ఆ అధ్యయనంలో పరీక్షించినవాళ్లలో ఎక్కువమంది పరిమితి దాటినవాళ్లే. కళ్లు మూసుకుని అందరినీ తాగుబోతులన్నా చాలావరకు నిజమయ్యేది. పైగా ఈ పరీక్షలు రక్తంలో మద్యాన్ని అంచనా కట్టడానికే తప్ప డ్రైవింగ్ సామర్థ్యాన్ని కొలవడానికి కాదని ఆ నివేదికే ఒప్పుకుంది. ఒంటికాలి మీద కారు నడిపేవాళ్లు ఎవరూ లేరు మరి.

స్టేషన్‌కు వెళ్లాక మౌఖిక పరీక్ష కూడా ఉండొచ్చు. పెన్సిల్వేనియాలో ఒక నిందితుణ్ని పోలీసులు నీ ఆరో పుట్టినరోజు ఏ తేదీన వచ్చిందో తెలుసా అని అడిగారు. తెలియదన్నాడు. దాన్ని మత్తుకు రుజువుగా వాడారు. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్తే, హక్కులు చదవకుండా రాబట్టిన ఆ జవాబు చెల్లదని 1990లో తేలింది. అదే ప్రశ్న మనవాణ్ని అడిగుంటే? సర్టిఫికెట్ పుట్టినరోజా, అసలుదా అని ఎదురు ప్రశ్న వేసి అక్కడికక్కడే దోషి అయ్యేవాడు.

పోనీ యంత్రమైనా నయమా? ఊదే యంత్రాలను సరిచూసేటప్పుడు థర్మామీటర్‌తో వేడి చూడాల్సిన ఒక సార్జెంట్ ఆ పని ఎగ్గొట్టినందుకు న్యూజెర్సీలో 20 వేలకు పైగా పరీక్షలు చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్ ఊరున్న మిడిల్‌సెక్స్ కౌంటీ కూడా అందులో ఉంది. అయితే ఒక తేడా గమనించాలి. యంత్రం దగ్గర తప్పు జరిగితే బయటపడింది, చెల్లని పరీక్షలకు లెక్క దొరికింది. ఆఫీసరు మనోనేత్రానికి రికార్డు లేదు.

ఇందులో మనవాళ్ల గొడవేమిటంటారా? వీసా. 2015 నుంచి అమెరికా విదేశాంగ శాఖ పద్ధతి ప్రకారం, తాగి నడిపిన కేసులో గత ఐదేళ్లలో అరెస్టయితే చాలు, వీసా రద్దు చేయొచ్చు. శిక్ష పడనక్కర్లేదు. జీఆర్ఈ, టోఫెల్ గట్టెక్కి, వీసా కోసం చిలుకూరులో 11 ప్రదక్షిణలు, వచ్చాక 108 ప్రదక్షిణలు తడబడకుండా తిరిగినవాడు తొమ్మిదడుగుల దగ్గర దొరికిపోతాడు. నాన్న షష్టిపూర్తికి ఇంటికొస్తే తిరిగి వెళ్లడానికి కొత్త వీసా కావాలి, తాగుబోతును కానని డాక్టరు పరీక్షకు నిలబడాలి. జడ్జి ఇంకా నోరు తెరవకముందే శిక్ష అమలైపోతుంది.

వాసన, తూలే నడక, తడబడే మాట చూసి తాగాడని తేల్చేయడం కుదరదని, రక్తపరీక్ష ఉండాల్సిందని మన సుప్రీంకోర్టు 1971లోనే ఒక మహారాష్ట్ర కేసులో చెప్పింది. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో వంద మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములని అంకె రాసిపెట్టింది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అది 80. అంకె వాళ్లకూ ఉంది, లేబరేటరీలూ ఉన్నాయి. అయినా ఊహాగీత మీద నడిపిస్తారు.

తాగి స్టీరింగ్ పట్టినవాడు ఎదుటివాడి ప్రాణంతో ఆడుతున్నాడు, వాడి మీద జాలి అక్కర్లేదు. అందుకే వాణ్ని రక్తంతో పట్టుకోవాలి, సర్కస్‌తో కాదు. రోడ్డు పక్క విన్యాసం రక్తపరీక్షకు పంపాలో వద్దో తేల్చుకోవడానికి మాత్రమే పనికొస్తుంది, దాన్ని నేరానికి రుజువుగా కోర్టు గడప తొక్కనివ్వకూడదు. అక్కడున్న మనవాళ్లకు ఒక్క మాట: చాలా రాష్ట్రాల్లో ఈ విన్యాసం తప్పనిసరి కాదు, మర్యాదగా వద్దనవచ్చు. అరెస్టు తర్వాత శ్వాస, రక్త పరీక్షలకు వద్దంటే మాత్రం లైసెన్సు పోతుంది. అన్నిటికన్నా చవకైన రక్షణ, తాగిన రాత్రి తాళాలు ఇంకొకరి చేతికివ్వడం.