లింకు కింద పెట్టానండోయ్

సామర్లకోటకి కమీషన్ కొత్తేం కాదు. చుట్టూ వరిచేలూ, ఊళ్ళో రైసు మిల్లులూ. ధాన్యం కళ్ళంలో ఉండగానే బ్రోకరు గారు గుప్పెడు మచ్చు పొట్లం కట్టుకుని మిల్లుకి బయల్దేరతారు. 75 కేజీల బస్తాకి ఇంతని ఆయన వాటా. కార్తీకమాసంలో పంచారామాల బస్సొచ్చి, భీమేశ్వరస్వామి దర్శనమయ్యాక ఏ హోటలు ముందు ఆగితే ఆ హోటల్లో డ్రైవరుకీ క్లీనరుకీ భోజనం ఉచితం. సంబంధం కుదిర్చిన పేరయ్యకి పంచెల చాపూ, పైన కాస్త సంభావనా. తాము చేస్తున్నది అఫిలియేట్ మార్కెటింగని, తామంతా డిజిటల్ ఆంట్రప్రెన్యూర్లు కావలసినవాళ్ళమని పాపం వీళ్ళెవరికీ తెలియదు. కోర్సు చెప్పేవాడు లేకపోయాడు.

ఇప్పుడొచ్చాడు. ఫోను తెరిస్తే చాలు, ఎవరిదో కారు బానెట్ మీద కూర్చుని, "ఫ్రెండ్స్, మీరు పడుకున్నా డబ్బులొస్తాయి" అంటున్నాడు. గోదావరి జిల్లాల్లో మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చడం తాతల నాటి విద్య. దానికి ఎదురు డబ్బులిస్తామంటే వద్దనేదెవరు? కోర్సు అసలు ధర 9,999. ఇవాళ రాత్రి పన్నెండులోపు చేరితే 499. ఆ పన్నెండు ఎప్పటికీ కొట్టదు. రేపు చూసినా రాత్రి పన్నెండు దాకానే గడువు.

మొదటి పాఠం: మీ ప్యాషన్‌ని బట్టి అఫిలియేట్ ప్రోగ్రాం, అంటే మీ లింకు మీద సరుకు అమ్ముడైతే కమీషన్ ఇచ్చే ఏర్పాటు, ఎంచుకోండి. కోర్సులో చేరిన మన కుర్రాడి ప్యాషన్ క్రికెట్టూ, రిలీజు రోజు సినిమా. రెండింటికీ కమీషన్ ఇచ్చే నాథుడు లేడు కాబట్టి, రెండో పాఠానికల్లా అతనికి ఎయిర్ ఫ్రయర్ల మీదా, వెబ్ హోస్టింగ్ మీదా, ప్రొటీన్ పౌడర్ల మీదా చిన్నప్పటి నుంచీ మక్కువ ఉన్నట్టు తేలుతుంది. మూడో పాఠం: మీరు వాడి బాగుందనుకున్న వస్తువునే సిఫారసు చెయ్యండి. నాలుగో పాఠం: 'ఈ వేసవికి టాప్ టెన్ ఏసీలు' అనే వీడియో తియ్యడం ఎలా. మూడో పాఠానికీ నాలుగో పాఠానికీ మధ్య ఎవరికీ సందేహం రాదు. పది ఏసీలు బిగించి చూడ్డానికి వాడింట్లో గోడలెన్ని? కరెంటు బిల్లు ఎవరు కట్టారు? ఇంతకీ ఆ వీడియో తీసిన గదిలో తిరుగుతున్నది సీలింగు ఫ్యాను. శబ్దం కూడా వినిపిస్తోంది.

సరే, లెక్క చూద్దాం. కోర్సులో చెప్పని పాఠం ఇదొక్కటే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. సరుకుని బట్టి కమీషన్ మారుతుంది. మనం ఉదారంగా నూటికి ఐదనుకుందాం. కుర్రాడికి నెలకి 20 వేలు రావాలి. అంటే 4 లక్షల సరుకు అమ్ముడుపోవాలి. ఒక్కో బేరం వెయ్యి రూపాయలనుకుంటే 400 బేరాలు. లింకు నొక్కిన ప్రతివాడూ కొనడు. వందమంది నొక్కితే ఇద్దరు కొన్నారనుకున్నా 20 వేల మంది నొక్కాలి. 2011 జనాభా లెక్కల్లో సామర్లకోట పట్టణం మొత్తం 56 వేల చిల్లర. చంకలో పిల్లలతో సహా ఊళ్ళో ప్రతి ముగ్గురిలో ఒకరు, ప్రతి నెలా, ఈ అబ్బాయి లింకే నొక్కాలన్నమాట. అలా నొక్కే ఊరే ఉంటే వాడు కౌన్సిలరుగా నిలబడ్డం మేలు, ఆ ఓట్లతో ఛైర్మనే అవుతాడు.

నొక్కితే సరిపోతుందా? అమెజాన్ పద్ధతిలో లింకు నొక్కిన 24 గంటల్లో వస్తువు బుట్టలో పడాలి. మన ఇళ్ళల్లో మిక్సీ కొనాలంటే అత్తగార్ని అడగాలి, ఆడపడుచు ఏ కంపెనీది వాడుతోందో కనుక్కోవాలి, చివరికి శ్రావణమాసం రావాలి. ఆ నిర్ణయం అయ్యేసరికి కుర్రాడి వాటా గడువు తీరి ఆర్నెల్లవుతుంది. కొన్నాక రంగు నచ్చలేదని తిప్పి పంపితే కమీషనూ తిరిగెళ్ళిపోతుంది. పోనీ తన లింకు మీద తనే కొనుక్కుంటే? అది ఒప్పందంలోనే కుదరదు.

మంచి ప్రోగ్రాం పట్టుకుంటే జీవితాంతం ఢోకా లేదంటారు గురువుగారు. ఈ వ్యాపారం వయసు చూస్తే ఆ మాట సంగతి తెలుస్తుంది. 1989లో విలియం టోబిన్ అనే అమెరికా పూల వ్యాపారి ప్రాడిజీ అనే నెట్‌వర్క్‌లో ఇలాంటి ఏర్పాటు మొదలెట్టాడు. 1996లో అమెజాన్ అందుకుని దీన్ని ఊరూవాడా చేసింది. 2020 ఏప్రిల్‌లో, లోకమంతా తలుపులేసుకుని ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనే కొంటున్న వేళ, అదే అమెజాన్ అమెరికాలో ఫర్నిచరు మీద కమీషన్‌ని నూటికి 8 నుంచి 3కి దించింది. కిరాణా మీద 5 నుంచి 1కి. ఎవర్నీ అడగలేదు, అడగాల్సిన అవసరమూ లేదు. పాతికేళ్ళు వెబ్‌సైట్లు పెంచుకున్నవాళ్ళు కూడా ఉత్తరం చదువుకుని ఊరుకున్నారు. మన మిల్లుల దగ్గర బస్తా కమీషన్ తగ్గించాలంటే బ్రోకర్లందరూ కలిసి టీ కొట్టు దగ్గర చేరతారు, మర్నాడు మచ్చు రాదు. లింకు పెట్టేవాళ్ళు ఏ టీ కొట్టు దగ్గర చేరాలి?

ఇక్కడే బ్రోకరు గారికీ లింకు కుర్రాడికీ అసలు తేడా ఉంది. మిల్లువాడు డబ్బు ఆలస్యం చేస్తే రైతు మిల్లుకి వెళ్ళడు, బ్రోకరింటి అరుగు మీద కూర్చుంటాడు. "మాకు మీరే తెలుసండీ, వాళ్ళెవరో మాకేటి తెలుసు" అంటాడు. కాఫీ ఇచ్చి, సర్దిచెప్పి, అవసరమైతే తన జేబులోంచి కొంత సర్ది పంపాలి. ఆ అరుగు భయం వల్లే ఆయన పది మిల్లుల్లో ఏ మిల్లు మాట మీద నిలబడుతుందో చూసుకుని బేరం చేస్తాడు. ప్రోగ్రాం ఎంచుకోవడం అంటే అదీ. కుర్రాడికి అరుగు లేదు. వస్తువు పాడైతే కామెంటు పెట్టుకోవచ్చు, కామెంట్లు మూసేశాడు.

అరుగు ఉండీ మునిగినవాళ్ళూ ఉన్నారు, అది మర్చిపోకూడదు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ అనే డిపాజిట్ల కంపెనీ ఏజెంట్లు బయటివాళ్ళు కారు. మన పక్కింటి మాస్టారు, వదినగారి తమ్ముడు. కమీషన్ కోసం బంధువుల దగ్గరా చుట్టుపక్కల వాళ్ళ దగ్గరా కట్టించారు. దాదాపు 32 లక్షల మంది, 6 వేల కోట్ల పైచిలుకు. కంపెనీ పడిపోయాక యజమానులు కోర్టు వాయిదాలకు వెళ్ళారు, ఏజెంట్లు సొంత వీధిలో తల దించుకు నడిచారు. 10 వేల లోపు కట్టినవాళ్ళకి 2019 నవంబరులో, 20 వేల లోపు వాళ్ళకి 2021 ఆగస్టులో ప్రభుత్వం ఖజానాలోంచి ఇవ్వాల్సొచ్చింది. ఆ కథ విన్న ఊళ్ళలోనే ఇవాళ "రిఫర్ అండ్ ఎర్న్" అంటే మళ్ళీ చెవులు నిక్కబొడుచుకుంటున్నాయి. ఈసారి ఫోనులో ఉంది కాబట్టి మోసం ఉండదట.

కమీషన్ ఎక్కువిచ్చే ప్రోగ్రామే మంచి ప్రోగ్రామనే సూత్రం ఎక్కడికి తీసుకెళ్తుందో కూడా చూశాం. సబ్బుకీ పుస్తకానికీ రూపాయో రెండో ఇచ్చే లోకంలో బెట్టింగ్ యాప్‌వాడు చేతికి ఎముక లేకుండా ఇస్తాడు. ఎందుకిస్తాడంటే చేర్పించిన ప్రతివాడూ ఓడిపోతాడని వాడికి నమ్మకం. 2020లోనే ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పందేల్ని నిషేధించినా ప్రచారాలు ఆగలేదు. 2025 మార్చిలో హైదరాబాద్ మియాపూర్ పోలీసులు సినిమా తారలూ ఇన్‌ఫ్లుయెన్సర్లూ కలిపి పాతికమంది మీద కేసు పెట్టారు. ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్నీ, వాటి ప్రకటనల్నీ నిషేధించింది. ప్రకటన చేస్తే రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. కేసు పడేదాకా "నా తమ్ముళ్ళ కోసం చెబుతున్నా" అన్న అన్నయ్యలంతా ఒక్క రాత్రిలో క్షమాపణ వీడియోలు చేశారు. వాటికి వ్యూస్ బాగానే వచ్చాయి.

కమీషన్ ముడుతోందని చూసేవాడికి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలిచ్చింది. తప్పుదోవ పట్టిస్తే మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా. మనవాళ్ళు చెబుతున్నారు, చెప్పడం లేదనకూడదు. వీడియో కింద 'మరిన్ని' నొక్కి, ముప్ఫై హ్యాష్‌ట్యాగులు దాటాక, ఆంగ్లంలో, చీమ తలకాయంత అక్షరాల్లో.

ఈ దారిలో నిజాయతీగా సంపాదించేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. రొయ్యల చెరువులో ఏరేటరు బాగుచేసే మెకానిక్కు తను విప్పి చూసిన మోటార్ల గురించి చెబితే, ఇది కొనొద్దని కూడా చెబితే, జనం వింటారు, కొంటారు. అతనికి పదేళ్ళ పని చేతిలో ఉంది, లింకు దాని చివర తోక. కోర్సులో ఆ పదేళ్ళు లేవు, తోక మాత్రమే ఉంది.

మరి కోర్సు చేసినవాడు ఏం అమ్మి బతుకుతాడు? కోర్సే. చేరినవాడికి మొదటిరోజే లింకిస్తారు. 499లో సగం నీది, నలుగురిని చేర్చు. ఎయిర్ ఫ్రయర్ మీద నూటికి ఐదూ, కోర్సు మీద నూటికి యాభై ఐతే తెలివైనవాడు ఏది అమ్ముతాడో చెప్పక్కర్లేదు. వస్తువులు అమ్మడం నేర్పే బడిలో పిల్లలంతా బడి అడ్మిషన్లే అమ్ముతుంటారు.

గురువుగారు రోజూ స్క్రీన్‌షాట్లు పెడతారు. నిన్న 18 వేలు, మొన్న 22 వేలు. స్క్రీన్‌షాట్ చెయ్యడం నిమిషం పని. కానీ కమీషన్ ఇచ్చే కంపెనీలు పరిమితి దాటితే మూలంలోనే పన్ను కోస్తాయి, 2024 అక్టోబరు నుంచి నూటికి 2. ఎవరు ఎంత ఇచ్చారో, ఎంత కోశారో ఆదాయపు పన్ను శాఖ వారి 26ఏఎస్ ఫారంలో పేర్లతో సహా ఉంటుంది. 499 కట్టే ముందు ఎవరైనా గ్రూపులో మర్యాదగా, "గురువుగారూ, స్క్రీన్‌షాట్ వద్దండీ, పోయిన సంవత్సరం 26ఏఎస్ చూపిస్తారా" అని అడిగి చూడొచ్చు. జవాబు వెంటనే వస్తుంది. "మీది నెగెటివ్ మైండ్‌సెట్ బ్రో." ఆ తర్వాత గ్రూపు కనిపించదు.