రెండు చుక్కలు

హైదరాబాదు–విజయవాడ రోడ్డు నుంచి అద్దంకి రోడ్డు చీలేది నార్కట్‌పల్లి దగ్గర. అక్కడ ఒక లేతు షాపు. మేస్త్రీకి అరవై దాటాయి. బోరు మోటార్ల షాఫ్టులు, ట్రాక్టరు బుష్‌లు, లారీ పట్టీల పిన్నులు అతని చేతికే వస్తాయి. మాట తక్కువ. తొందరపెట్టిన వాడి ముక్క వాడికే తిరిగి ఇచ్చేస్తాడు.

అతనికి ఒక అలవాటు. పనికిరాదని తేలిన ముక్క మీద పంచ్ ఆనించి సుత్తితో రెండు దెబ్బలు వేస్తాడు. పక్కపక్కనే రెండు చుక్కలు. ఆ తర్వాతే అది స్క్రాపు డబ్బాలో పడుతుంది. వెనకెప్పుడో పని నేర్చుకునే పిల్లాడొకడు డబ్బాలోంచి పగులిచ్చిన షాఫ్టు తీసి మోటారుకు బిగించాడు. అప్పటినుంచీ ఈ చుక్కలు. వాటి అర్థం షాపులో వాళ్లకే తెలుసు. బయటివాళ్లు అడగలేదు, మేస్త్రీ చెప్పలేదు.

కార్తీకం వెళ్లాక ఒక మధ్యాహ్నం బెలూన్ల దుకాణమతను వచ్చాడు. చెరువుగట్టు జాతరలో ఏటా అతని దుకాణం ఉంటుంది. అట్టకు బెలూన్లు, ఎదురుగా బల్ల, బల్ల మీద రెండు ఎయిర్‌గన్లు. గోనెసంచిలోంచి ఒక తుపాకి, మూరెడు స్టీలు పైపు తీసి బల్ల మీద పెట్టాడు.

"స్ప్రింగు సచ్చిపోయిందన్నా. దెబ్బదెబ్బకు గొట్టం వంచాలె. పిల్లలతోటి కాదు, నేనే వంచాలె. జాతర రాత్రి అయ్యేసరికి రెక్క పడిపోతది."

ఉపాయం ఫోన్లో చూశాడు. స్ప్రింగు తీసేసి, గొట్టం కింద ఒక పైపు బిగించి, పంపుతో గాలి నింపాలి. ఒక్కసారి నింపితే నలభై యాభై దెబ్బలు. వంచే పని లేదు. పైపు కూడా తెచ్చుకున్నాడు. ఎవరింట్లోనో మెట్లకు రెయిలింగు వేయగా మిగిలిన ముక్క. అద్దంలా ఉంది.

"ఎంత గాలి?" అన్నాడు మేస్త్రీ.

"రెండు వందల బారు. పౌండ్లల్ల మూడు వేలకు జర తక్కువ."

మేస్త్రీ రోడ్డవతల పంక్చరు షాపు వైపు చూశాడు. అక్కడ లారీ టైరుకు గాలి పడుతున్నారు.

"దానికి నూట పది."

అంతకంటే ఏమీ అనలేదు. పైపు అందుకుని వెలుగుకు పెట్టి ఒక కంటితో లోపలికి చూశాడు. గోడకు గుచ్చి ఉన్న సైకిలు పుల్ల తీశాడు. దాని కొస గోరంత వంచి ఉంది. దాన్ని పైపులోకి దించి, లోపలి గోడకు ఆనించి, పైపును మెల్లగా తిప్పాడు. పుల్ల జారుతూ పోయింది. ముప్పాతిక చుట్టు తిరిగాక టక్కుమని ఆగింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అక్కడే ఆగింది. పైపు రెండో కొస నుంచి దించి తిప్పాడు. అదే వరసలో ఆగింది.

"రేకును చుట్టి అతికిన పైపు ఇది. బయట అతుకు అరగదీసి పాలిష్ పట్టిన్రు. లోపల అట్లనే ఉన్నది."

బెలూన్లతను పైపు బయట అంతా వేలితో తడిమాడు. ఏమీ తగల్లేదు.

"స్టీలు గదన్నా. తుప్పు పట్టది."

"తుప్పు పట్టది. పగులుతది."

వెర్నియరు పెట్టి కొలిచాడు. గోడ మందం ఒకటిన్నర మిల్లీమీటరు. కొసకు బిరడా బిగించాలంటే మర కొయ్యాలి. మరకు సగం పోతుంది. మిగిలిన సగం మీద లోపలి గాలి ఆ బిరడాను ఎనిమిది క్వింటాళ్ల బరువుతో తోస్తుంది. ఈ లెక్క అతను సుద్దతో బల్ల మీద వేసి చూపించాడు. బెలూన్లతను లెక్క చూడలేదు. మేస్త్రీ చెయ్యి చూశాడు.

"మరి ఏ పైపు వెయ్యాలె?"

"అతుకు లేనిది. సీమ్‌లెస్. సికింద్రాబాదు రాణిగంజ్‌ల దొరుకుతది. మందం ఇంతకు రెండింతలు ఉండాలె. తెచ్చినంక నీళ్లు నింపి, గాలి కంటె ఎక్కువ ఒత్తిడి పెట్టి చూడాలె. ఆటోల సీఎన్‌జీ బుడ్డి లేదా, అదీ రెండు వందల బారే. దాన్ని మూడేండ్లకోసారి నీళ్లతోటే పరీక్ష చేస్తరు."

"గాలికి నీళ్లెందుకన్నా?"

"నీళ్లున్నప్పుడు పగిలితె కారి ఊకుంటది. గాలి ఉన్నప్పుడు పగిలితె ఊకోదు."

రాణిగంజ్ పైపు ధర అడిగాడు. మేస్త్రీ చెప్పాడు. బెలూన్లతను తన తుపాకి వైపు చూసుకున్నాడు. తుపాకి ధర అంతకంటే తక్కువ.

"ఇది పట్టుకునేది ఎవరు?" అన్నాడు మేస్త్రీ.

"పిల్లలే అన్నా. ఎడమ చెయ్యి ఈ పైపు మీద పెట్టుకుంటరు. మొకం జానెడు ఎనక ఉంటది."

మేస్త్రీ జవాబివ్వలేదు. పైపు బల్ల మీద పెట్టి, పంచ్ ఆనించి, సుత్తి అందుకుని రెండు దెబ్బలు వేశాడు. స్క్రాపు డబ్బా వైపు చెయ్యి చాచాడు.

"పైపు నాదన్నా," అన్నాడు బెలూన్లతను.

మేస్త్రీ ఇచ్చేశాడు. బెలూన్లతను చుక్కల మీద బొటనవేలు ఆడించాడు.

"ఎంతియ్యమంటవ్?"

"ఏం వద్దు. నేను చెయ్య."

పైపు, తుపాకి గోనెసంచిలో చుట్టుకుని అతను వెళ్లిపోయాడు.

మాఘంలో జాతర వచ్చింది. అగ్నిగుండాలు తొక్కే రాత్రి. మేస్త్రీ ఎనిమిదేళ్ల మనవణ్ణి వెంటబెట్టుకుని గట్టెక్కాడు. దర్శనం అయింది. దిగేటప్పుడు పిల్లవాడు బెలూన్ల దగ్గర ఆగిపోయాడు.

దుకాణమతను అన్నానికి పోయాడు. బల్ల వెనక మీసాలు మొలుస్తున్న కుర్రాడు ఉన్నాడు. అట్ట మీద ఎరుపు, పసుపు బెలూన్లు. పాత తుపాకి దగ్గర ఎవరూ లేరు. రెండో తుపాకి దగ్గర ఆరేడుగురు పిల్లలు వరస కట్టారు. మేస్త్రీ డబ్బులిచ్చి పక్కన నిలబడ్డాడు. ముందున్న పిల్లలు వరసగా కాలుస్తున్నారు. ఎవరూ గొట్టం వంచడం లేదు.

మనవడి వంతు వచ్చింది. బల్ల ఎత్తుకు చాలక ముని వేళ్ల మీద లేచాడు. ఒక కన్ను మూశాడు. ఎడమ చెయ్యి ముందుకు చాచి తుపాకి పట్టుకున్నాడు. బల్బు వెలుగు చేతి కింద మెరిసింది. చిటికెన వేలు పక్కన రెండు చుక్కలు.

మేస్త్రీ మనవణ్ణి రెక్క పట్టి వెనక్కి లాగాడు. తుపాకి లాక్కుని, గొట్టం మనుషులు లేని దిక్కుకు తిప్పి పట్టుకున్నాడు.

"ఏమైంది తాతా?" అన్నాడు కుర్రాడు.

"ఈ పైపు ఎవరు బిగించిన్రు?"

"ఈడ గాదు. అవతల ఇంకో లేతుల. ఆయన మొదలు ముట్టనే ముట్టనన్నడు. చుక్కలు చూసినంకనే మర కోసిచ్చిండు."

"ఏం చుక్కలు?"

కుర్రాడు వంగి, మేస్త్రీ వేళ్ల మధ్యలోంచి చూపించాడు.

"గివి. నార్కట్‌పల్లిల ఒక పెద్ద మేస్త్రీ ఉన్నడంట. శానా కచ్చితమంట. లోపల పుల్ల పెట్టి చూసి, కొలిచి, లెక్క గట్టి, గప్పుడు కొట్టిండు. నువ్వేం భయపడకు తాతా. మామూలుగ మంచి పైపైతే ఒక్క చుక్కే కొడతడంట. దీనికి రెండు కొట్టిండు."