కన్వర్షన్ సారు

ఆయన జనగామలో ఉన్నాడు, మానుకోట అనే మహబూబాబాద్‌లో ఉన్నాడు, భూపాలపల్లిలోనూ ఉన్నాడు. 2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్‌ను విడదీసినప్పుడు బీరువాలు, కుర్చీలతోపాటు ఈయన్ని కూడా జిల్లాకొకరి చొప్పున పంచారని నా అనుమానం. హోదా సీనియర్ అసిస్టెంట్. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒక పెన్‌డ్రైవ్. ఫ్యాక్సు వచ్చిందంటే చాలు, ఆయన మొహం వెలిగిపోతుంది.

"టైపు ఎందుకు చెల్లె? ఆటోమేటిగ్గ అయితది."

చెల్లె అంటే ఔట్‌సోర్సింగ్ ఆపరేటరు. ఆమెకు ఆయన రోజూ క్లాసు పీకుతాడు. టెసరాక్ట్ అని, కాగితం బొమ్మలోంచి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందట, హెచ్‌పీ వాళ్లు పుట్టించి 2005లో అందరికీ ఫ్రీగా వదిలేశారట, తర్వాత గూగుల్ చేరదీసిందట, తెలుగు కూడా చదువుతుందట. అన్నీ నిజాలే. ఆయన చెప్పనిదల్లా ఫ్యాక్సు సంగతి. ఫ్యాక్సులో వచ్చేవి అక్షరాలు కావు, నల్ల చుక్కలు. మామూలు మోడ్‌లో నిలువున అంగుళానికి 98 గీతలే. అవతలివాడు ఫైన్ మోడ్ నొక్కితే 196 వస్తాయి గానీ, నొక్కిన మహానుభావుణ్ణి ఈ మూడు జిల్లాల్లో ఎవరూ చూడలేదు. ఇంగ్లీషు ఎలాగో గట్టెక్కుతుంది. మన ఒత్తులు, గుడులు, దీర్ఘాలు మాత్రం లైన్లోనే రాలిపోతాయి.

ఆ చుక్కలు అక్షరాలుగా కన్వర్షన్ అయ్యాక స్క్రీన్ మీద చూడాలి. మకూ వుకూ తేడా వెంట్రుకవాసి కదా, జనగామ కాస్తా జనగావు అయింది. మహబూబాబాద్ వుహబూబాబాద్ అయింది. భూపాలపల్లి బూపాలవల్లి అయి, ఎవరింటి కోడలో అన్నట్టు నిలబడింది. వీటికైనా నవ్వుకోవచ్చు. అంకెలతోనే అసలు చిక్కు. 3 లారీల వడ్లు 8 లారీలయ్యాయి.

"రైతుకు లాభమే గద!" అన్నాడు సారు.

కాగితం చివర కొట్టిన రౌండు సీలును సాఫ్ట్‌వేర్ సున్నా అనుకుని పక్కనున్న మొత్తానికి తగిలించింది. నిధుల మంజూరు అంత వేగంగా పెరగడం ఆ ఆఫీసు చరిత్రలో అదే మొదలు.

సారు ఒక్కో అక్షరాన్ని దిద్దుతూ, "ఇంకో ఐదు నిమిషాలు" అంటూ ఉండగానే పక్క సీట్లో చెల్లె మొత్తం టైపు చేసేసి ఉంటుంది. ఆయన ఆ ప్రింటు తీసుకుని పెద్దసారు గదిలోకి పోయి, "ఆటోమేటిగ్గ అయింది సార్" అని చెప్పి వస్తాడు. అబద్ధమనడానికి లేదు. ఆయన వేలు కదపకుండానే అయింది మరి. చెల్లె మాట్లాడదు. మార్చిలో కాంట్రాక్టు రెన్యువల్ కావాలె.

మొన్న జనగామ సారు భూపాలపల్లి సారుకు ఓ లెటర్ పంపాడు. కంప్యూటర్‌లో చక్కగా టైపు చేయించి, ప్రింటు తీసి, సంతకం పెట్టించి, సీలు కొట్టి ఫ్యాక్సు చేశాడు. అక్కడి సారు దాన్ని మళ్లీ అక్షరాలు చేయబోయి సాయంత్రం దాకా కుస్తీ పట్టాడట. సంతకం కాగితంతోపాటు టైపు చేసిన ఫైలు కూడా మెయిల్ చేస్తే సరిపోయేది కదా సార్ అని చెల్లె మెల్లగా అడిగింది.

"మెయిల్ పెడితే ఎట్ల? వాళ్ల సాఫ్ట్‌వేర్‌కు పనుండొద్దా?"